కొలతలకని వెళ్ళిన టైలరమ్మ

ఆ వీధిలో టైలరమ్మ నోటికి భయపడనివాళ్ళు లేరు. అలాగని చెడ్డ నోరేం కాదు. ఎవరినీ తిట్టదు, ఎవరి మీదా చాడీలు చెప్పదు. మనిషిని చూడగానే ఒక పేరు తగిలిస్తుంది, అంతే. ఆ పేరు సాయంత్రానికల్లా వీధి చివరిదాకా పాకిపోతుంది. తరవాత ఆ మనిషి ఇల్లు మారినా పేరు మాత్రం వీధిలోనే కాపురం ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా కిటికీ పక్కన మిషను తొక్కుతూ కూర్చున్న దానికి ఆ మాత్రం కాలక్షేపం ఉండొద్దా అని ఆవిడ వాదన. వాదనలకేం, ఆవిడ దగ్గర ఎప్పుడూ నాలుగైదు సిద్ధంగా ఉంటాయి.

సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా, ఇనప సామాన్ల కొట్టు పై అంతస్తులో, రెండేళ్ళ కిందట ఒక జిమ్ము తెరిచారు. ఇంకేముంది, టైలరమ్మకి చేతినిండా పని దొరికింది. బ్యాంకులో క్యాషియరు పనిచేసే భారీ మనిషి ఒకాయన రోజూ సాయంత్రం ఆ మెట్లెక్కేవాడు. ఆయనకి 'తలుపు' అని పేరు పెట్టింది. ఆయన గుమ్మంలో నిలబడితే వేరే తలుపు అక్కర్లేదట. మందుల షాపులో పనిచేసే సన్నపాటి మనిషి ఇంకొకాయన, బరువెత్తినప్పుడల్లా 'ఉస్స్' అని వీధిలోకి వినపడేలా ఊపిరి వదిలేవాడు. ఆయన 'కుక్కరు'. "మూడో విజిలొచ్చింది, ఇంక దించెయ్యొచ్చు" అని ఈవిడ కిటికీలోంచి ప్రకటిస్తే, బట్టలు తీసుకోవడానికొచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

"కింద ఇనుము అమ్ముతారు, పైన ఇనుము ఎత్తి దించుతారు. ఎదురు డబ్బులిచ్చి కూలిపని చేసేవాళ్ళని ఇక్కడే చూశాను తల్లీ" అని కూడా అనేది.

ఇలా లోకాన్నంతా ఆటపట్టించే మనిషికి తనదంటూ ఒక పట్టుదల ఉంది. గుడ్డని నేలమీదే కత్తిరించాలి. పని నేర్పిన మేనత్త అలాగే నేర్పింది. నేల తుడిచి, గుడ్డ పరిచి, దాని పక్కన మడమలు ఆనించి గొంతుక్కూర్చుని, సుద్దతో గీసి, అప్పుడు కత్తెర ఆడించాలి. బల్లమీద పరిస్తే అంచుల దగ్గర గుడ్డ వేలాడి లాగేస్తుందని, కొలత అక్కడే తప్పుతుందని మేనత్త నమ్మకం. టైలరమ్మకి అది నమ్మకం కూడా కాదు, ఒంట్లో భాగం. పైగా కత్తిరించడమంటే మాటలా? కుట్టేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. కత్తిరించేవాళ్ళనే మాస్టరంటారు.

తమ్ముడి భార్యకి కూడా ఆవిడ అలాగే నేర్పింది. ఆ మరదలు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని కత్తెర పట్టడం దగ్గర్నించి నేర్పింది. పక్క వీధిలో సొంతంగా షాపు పెట్టుకుంటే సంతోషించింది. కానీ తొమ్మిదేళ్ళ కిందట ఆ మరదలు నడుమెత్తు బల్ల ఒకటి చేయించుకుని, దానిమీద కత్తిరించడం మొదలుపెట్టేసరికి టైలరమ్మకి ఒళ్ళు మండింది. "నేల చేదైందా నీకు?" అని అడిగి, ఆ రోజు నించి 'బల్ల మాస్టరు' అని పిలవసాగింది. మరదలు నవ్వి ఊరుకునేది. ఆ నవ్వుని టైలరమ్మ ఎప్పుడూ పట్టి చూడలేదు.

ఇంతకీ ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. నాలుగేళ్ళుగా టైలరమ్మ నేలమీంచి తనంతట తాను లేవడం లేదు. పక్కనే ఉన్న ఇనప బీరువా అంచు పట్టుకుని లేస్తోంది. మొదట్లో ఒక చెయ్యి, తరవాత రెండు చేతులు. ఎవరైనా ఉంటే, బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు నటించేది. ముసురు తగ్గాక గోడలకి రంగు వేయించడానికి ఆ బీరువాని పక్కగదిలోకి జరిపారు. ఈవిడ అలవాటు కొద్దీ గుడ్డ పరుచుకుని కూర్చుంది, నాలుగు ప్యాంట్లు కత్తిరించింది, లేవబోయి చెయ్యి చాపింది. చేతికి గాలి తగిలింది.

లేవలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. తొడలు గజగజ వణికి మళ్ళీ కూలబెట్టాయి. ఆ సమయానికే స్కూలు గౌను కోసం ఒక తల్లి వచ్చి నిలబడింది. "బాగానే ఉన్నానమ్మా, కొంచెం పనుంది, రేపు రండి" అని కిందనించే పంపించేసింది. ముప్పావు గంట తరవాత భర్త వచ్చి చూశాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు నిలబడి ఉద్యోగం చేసినందుకు ఇప్పుడు కూర్చోవడాన్ని ఒక ఉద్యోగంలా చేస్తున్నాడు.

"ఏమోయ్, చివరి స్టాపు వచ్చేసింది, దిగవా?" అన్నాడు.

"లేవలేకపోతున్నానండీ."

ఆ గొంతు విని ఆయన హాస్యం మాని దగ్గరికొచ్చాడు. చంకల కింద చేతులు వేసి లేపాడు.

సంగతి మరదలికి తెలిసింది. పరుగెత్తుకుంటూ వచ్చి, "నువ్వు కుట్టు వదినా, కత్తిరింపు నేను చూసుకుంటాలే. గుడ్డ పంపించు, బల్లమీద చిటికెలో చేసి పంపిస్తా" అంది. మంచి మనసుతోనే అంది. టైలరమ్మ తల ఊపింది, ఇంకేం చేస్తుంది? కానీ ఆ వారం మరదలి దగ్గరనించి కత్తిరించిన ముక్కలు మూటగా వచ్చినప్పుడు, వాటిని మిషను కింద పెట్టి కుడుతుంటే, ఆవిడకి ఏడుపొచ్చింది. ఒకరు కత్తిరించింది తను కుట్టడం పందొమ్మిదో ఏట వదిలేసిన పని.

ఎముకల డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, ఫోటోలు తీయించి, "మోకాళ్ళకేం కాలేదు. తొడల్లో బలం పోయింది. కూర్చోవడం అలవాటు, లేవడం మర్చిపోయారు" అన్నాడు.

"మాత్రలు రాయండి."

"మాత్రల్లేవు. బరువులెత్తాలి. మీ ఇంటి దగ్గర జిమ్ము ఉందా?"

టైలరమ్మ మొహంలో రంగు మారింది. పక్కన కూర్చున్న భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గాడు. ఆ దగ్గు వెనకాల ఎంత నవ్వుందో ఆవిడకి బాగా తెలుసు.

రెండేళ్ళుగా తను ఎవరెవరికి ఏయే పేర్లు పెట్టిందో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇప్పుడు తను ఆ మెట్లెక్కితే, అవతల తలుపు ఉంటాడు, కుక్కరు ఉంటాడు, గోడలనిండా అద్దాలుంటాయి. తను ఆ బరువుల బార్ కింద కూలబడితే తనకేం పేరు పెడతారు? ఇంతకాలం ఇతరులకి అంటించిన మనిషి కాబట్టి, తనకి తగిన పేర్లు తనకే డజనుదాకా తట్టాయి. ఒక్కటీ బాగాలేదు.

మొదటి రోజు అయిదో మెట్టుదాకా ఎక్కింది. పైనించి ఇనుము నేలమీద పడ్డ చప్పుడుకి గుండె గుభేలుమని వెనక్కి తిరిగింది. ఊరికే దిగితే బాగుండదని కింద కొట్టులో ఒక గొళ్ళెం కొనుక్కుని వచ్చింది. రెండో రోజు తొమ్మిదో మెట్టు, ఇంకో గొళ్ళెం. మూడో రోజు పై గుమ్మందాకా వెళ్ళి, అవతల నలుగురు తిరిగి చూసినట్టనిపించి, తాళం కప్పతో ఇంటికి చేరింది.

"మన ఇంటికి అన్ని తలుపులెక్కడివే?" అన్నాడు భర్త.

నాలుగో రోజు మిషను మీంచి లేచింది లేచినట్టే వెళ్ళింది. ఆలోచిస్తే వెళ్ళలేనని. మెడలో టేపు ఉన్న సంగతి కూడా చూసుకోలేదు. లోపల అడుగుపెట్టగానే ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి ఒకామె ఎదురొచ్చింది. పొట్టి జుట్టు, వెడల్పాటి భుజాలు. అందరూ కోచ్ అని పిలుస్తున్నారు.

"చెప్పండమ్మా, ఏం కావాలి?"

చెప్పాల్సింది ఒక్క ముక్క. నాకు బరువులెత్తడం నేర్పండి. ఆ ముక్క గొంతుదాకా వచ్చి అక్కడే గొంతుక్కూర్చుంది. చెయ్యి మెడ దగ్గరికి పోయింది, టేపు తగిలింది, నోరు తన దారిన తను మాట్లాడేసింది.

"కొలతలు తీసుకోవడానికి వచ్చానమ్మా. మీ ఓనరుగారు పంపించారు. ఇక్కడివాళ్ళకి ప్యాంట్లు కుట్టమన్నారు."

కోచ్ ఒక్క క్షణం ఆవిడ వంక చూసింది. "ఓనరుగారా?"

"అవును. నిన్న ఫోను చేశారు." చిన్న అబద్ధానికి అంచు మడిచి కుట్టేయకుండా ఉండలేకపోయింది. "మంచి మర్యాదస్తుడు."

"అలాగా" అంది కోచ్. ఎందుకో పెదవి కొరుక్కుంది. "అయితే నాతోనే మొదలుపెట్టండి."

అలా మన టైలరమ్మ జిమ్ములో మొదటి రోజు ముగ్గురి కొలతలు తీసుకుంది. కోచ్ అయ్యాక తలుపు వచ్చి నిలబడ్డాడు. దగ్గరనించి చూస్తే ఇంకా పెద్దగా ఉన్నాడు. కానీ నడుముకి టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. పని వచ్చేసరికి టైలరమ్మకి భయం పోయింది.

"ఊపిరి వదలండి బాబూ. ఊపిరి పీల్చుకునే మనిషికే నేను ప్యాంటు కుట్టేది."

ఆయన సిగ్గుపడుతూ వదిలాడు. టేపు నాలుగంగుళాలు జరిగింది. కుడి తొడకంటే ఎడమ తొడ అంగుళమున్నర తక్కువుంది. ఆవిడ రెండుసార్లు కొలవడం చూసి, "స్కూటరు మీంచి పడ్డానండీ అప్పుడెప్పుడో. ఆ కాలు కోసమే ఇక్కడికొస్తున్నా. ఎవరికీ తెలీకుండా వదులు ప్యాంట్లు వేసుకుంటా" అన్నాడు గొంతు తగ్గించి. కుక్కరు అయితే కొలత తీస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. చక్కిలిగింతలట.

ఇంటికొచ్చి కూర్చున్నాక గాని తను చేసిన ఘనకార్యం తెలిసిరాలేదు. అడగని ప్యాంట్లు మూడు, పంపించని ఓనరు ఒకడు. మర్నాడు వెళ్ళి తప్పయిందనడానికి మొహం చెల్లదు. కుట్టి ఇచ్చేయడమే దారి. గుడ్డకి ఇబ్బంది లేదు, డాన్సు స్కూలువాళ్ళు ఆర్డరిచ్చి మళ్ళీ రాని సాగే నల్లగుడ్డ అటకమీద ఉంది. కత్తిరించడమే చిక్కు. మరదలికి పంపిస్తే ఎవరివి, ఎందుకు అని అడుగుతుంది. దానికి జవాబు లేదు.

"నేనున్నాగా" అన్నాడు భర్త.

కాబట్టి నేలమీద గుడ్డ పరిచి ఆవిడ కూర్చుంది. ఆయన వెనక నిలబడ్డాడు. ఒక్కో ప్యాంటుకి ఒకసారి, "హోల్డాన్!" అని చంకల కింద పట్టుకోవడం, "రైట్!" అని లేపడం. రెండో ప్యాంటుకి ఆయన కాలు గుడ్డమీద జారి ఇద్దరూ కలిసి కూలబడ్డారు. కాసేపు నవ్వుకున్నారు. నవ్వయ్యాక ఎలా లేవాలో అర్థంకాక ఇంకాసేపు కూర్చున్నారు.

కుట్టడంలో మాత్రం ఎక్కడా తగ్గలేదు. గొంతుక్కూర్చుంటే గుడ్డ ఎక్కడ లాగుతుందో ఆవిడకంటే తెలిసినవాళ్ళెవరు? రెండు కాళ్ళు కలిసే చోట పలకలా ఒక ముక్క అతికి, జంట కుట్టు వేసింది. తలుపు ఎడమ కాలికి లోపలి వైపు ఒక పొర ఎక్కువ పెట్టింది, పైకి రెండూ ఒకేలా కనపడేలా.

ప్యాంట్లు తీసుకెళ్ళి ఇచ్చింది. తలుపు వేసుకొచ్చి అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, చటుక్కున కిందికి కూర్చుని లేచాడు. మొహం వెలిగిపోయింది. "చిరగలేదు! రెండేళ్ళుగా ప్రతిసారీ ఇప్పుడు చిరుగుతుందేమో అని భయంభయంగా కూర్చుంటున్నానండీ." అప్పుడు కోచ్ తన ప్యాంటు మడతపెట్టి పట్టుకుని దగ్గరికొచ్చింది.

"చాలా బాగుందమ్మా. ఓనరుకి కూడా చాలా నచ్చింది."

"అవునా? ఏమన్నారు?"

"ఇదిగో, ఇప్పుడే అన్నాను. ఓనరుని నేనే."

టైలరమ్మ నాలిక కరుచుకుంది. భూమి చీలితే బాగుండుననిపించింది గాని, కింద ఇనప కొట్టుందని గుర్తొచ్చింది.

కోచ్ నవ్వింది, ఎగతాళిగా కాదు. "మొదటి రోజు ఇక్కడ ఎవరూ నిజం చెప్పరమ్మా. కరెంటు మీటరు చూడ్డానికొచ్చానన్నవాళ్ళున్నారు. ఈయన ఏం చెప్పాడో అడగండి."

తలుపు మెడ రుద్దుకున్నాడు. "మేకులున్నాయా అని అడిగాను. మేకులు కింద అన్నారు. అలా నాలుగు వారాలు కిందే కొనుక్కున్నా. మా ఇంట్లో పదకొండు తాళం కప్పలున్నాయండీ."

"ఇంతకీ మీరు ఎందుకొచ్చారు?" అంది కోచ్.

ఈసారి ఆ ముక్క బయటికొచ్చింది. ఒక్కటిగా కాదు, మొత్తం దొర్లుకుంటూ వచ్చింది. "కూర్చుంటే లేవలేకపోతున్నానమ్మా. లేవలేకపోతే నేలమీద కత్తిరించలేను. కత్తిరించకపోతే నేను మాస్టర్ని కాదు. ఇంకొకళ్ళు గీసిన గీతమీద కుట్టుకుంటూ పోవాలి. నాకది చాతకాదు. నాకు భయమేస్తోంది."

"ఎలా కూర్చుంటారో చూపించండి."

టైలరమ్మ కూర్చుంది. మడమలు నేలకి అతుక్కుని, వీపు నిటారుగా, ముప్పై నాలుగేళ్ళుగా ఎలా కూర్చుందో అలా. కుక్కరు చేతిలో బరువు కింద పెట్టేశాడు. "మడమలు లేవలేదు చూడండి! నేను రెండేళ్ళనించి తన్నుకుంటున్నా, సగందాకే వెళ్ళగలను." జిమ్ములో ఉన్న ఏడుగురూ చుట్టూ చేరారు. ఒకాయన పక్కన కూర్చోబోయి వెల్లకిలా పడ్డాడు. ఆ కాసేపూ టైలరమ్మ ఒక మాస్టరులాగే కూర్చుంది.

"ఇప్పుడు లేవండి" అంది కోచ్.

లేవలేకపోయింది. ఏడుగురూ చూస్తుండగా తొడలు వణికాయి, నడుము అంగుళం లేచింది, మళ్ళీ దిగిపోయింది. ఏది తలుచుకుని మూడు రోజులు మెట్లమీంచి పారిపోయిందో సరిగ్గా అదే జరిగింది. ఆవిడ తలొంచుకుని పేరు కోసం ఎదురుచూసింది. ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. కోచ్ తనూ వచ్చి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"లేవడం తరవాత చూద్దాం. ముందు పడటం నేర్చుకుందాం" అంది.

నిజంగానే ఆ వారమంతా పడటమే నేర్పింది. ఒక పక్కకి ఒరిగి, మోకాలు ఆనించి, చెయ్యి ఆనించి, ఎవరి సాయం లేకుండా ఎలా లేవాలో నేర్పింది. బార్ కింద బలం చాలకపోతే దాన్ని పక్కనున్న అడ్డ కడ్డీల మీద వదిలేసి ఎలా పాక్కుంటూ బయటికి రావాలో ఖాళీ కర్రతో ఇరవైసార్లు చేయించింది. "ఇక్కడ అందరం ఎప్పుడో ఒకప్పుడు అలా పాకినవాళ్ళమే" అంది. పడినా ఏమీ కాదని ఒంటికి తెలిశాక, మనసు కూడా కొంచెం సర్దుకుంది. ముందు ఎత్తుపీట మీంచి లేవడం, తరవాత దానికంటే పొట్టి పీట, తరవాత ఇంకా పొట్టిది. అంగుళాల లెక్క కాబట్టి ఆవిడకి బాగా ఎక్కింది. ప్రతి పీట ఎత్తూ టేపుతో కొలిచి కొలతల పుస్తకంలో తన పేరు రాసుకుని దాని కింద వేసుకునేది. ఆ పుస్తకంలో ఆవిడ తన పేరు రాసుకోవడం అదే మొదలు.

అద్దాల భయం మాత్రం చాన్నాళ్ళు పోలేదు. అందరూ తననే చూస్తున్నారనిపించేది. ఒకరోజు రెండు సెట్ల మధ్య ఆయాసపడుతూ కూర్చుని ఆ అద్దాలవంక చూసింది. తలుపు తన ఎడమ కాలు చూసుకుంటున్నాడు. కుక్కరు తన సన్నటి చేతులు చూసుకుంటున్నాడు. తన షాపులో అద్దం ముందు నిలబడ్డ మనుషుల కాళ్ళ దగ్గర కూర్చుని ఇన్నేళ్ళుగా అంచులు సరిచేస్తోంది. వాళ్ళలో ఒక్కరైనా కిందికి చూసి ఈ టైలరు ఎలా ఉందీ అనుకున్న పాపాన పోయారా? ఎవరి నడుము గొడవ వాళ్ళది. ఇది తెలిసిన మనిషికే ఇంత కాలం తట్టలేదు చూడండి.

వీధి మాత్రం ఊరుకోలేదు, ఊరుకుంటే వీధెందుకవుతుంది? "టైలరమ్మా, పైన కూలి ఎంతిస్తున్నారేం?" అని ఇనప కొట్టాయన అందరి ముందూ అరిచాడు. "పని నచ్చితే నేనే ఎదురు డబ్బులిస్తా" అని అంతే గట్టిగా అరిచి మెట్లెక్కేసింది. మూడో నెలలో భుజాలమీద ఖాళీ బార్ పెట్టుకుని, ఇరవై కిలోలు, కిందిదాకా దిగి లేచింది. లేస్తున్నప్పుడు 'ఉస్స్' మని పెద్ద చప్పుడొచ్చింది. ఎవరా అని చూస్తే తనే. ఆ రోజు మందుల షాపుకెళ్ళి కుక్కరుకి తను పెట్టిన పేరు చెప్పి, తప్పయిందంది. ఆయనకి ఎప్పుడో తెలుసట.

ఆరో నెల వచ్చింది. ఈ ఆరు నెలలూ మరదలే కత్తిరించి పంపుతోంది. టైలరమ్మ జిమ్ము సంగతి ఆమెకి తెలుసు గాని, అక్కడ ఎంతవరకు వచ్చిందో తెలీదు. ఒక స్కూలువాళ్ళు ముప్పై షర్టులు ఆర్డరిచ్చారు. ఈసారి గుడ్డ పంపించలేదు. "నువ్వే ఒకసారి రా, పనుంది" అని కబురు పెట్టింది. చూపించాలని ఆవిడ సరదా. సరదా ఏమిటి, ఉబలాటం. రాత్రి నిద్రపట్టలేదు కూడా.

మరదలు వచ్చేసరికి నేల తుడిచి, గుడ్డ పరిచి ఉంది. బీరువాని ముందే పక్కగదిలోకి నెట్టించింది. భర్తని కూడా వీధి అరుగుమీదికి తోలేసింది. టైలరమ్మ కూర్చుని, సుద్దతో గీసి, మొదటి షర్టు వీపు ముక్క కత్తిరించి, కత్తెర పక్కన పెట్టి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, దేన్నీ పట్టుకోకుండా నిటారుగా లేచి నిలబడింది.

"చూశావా బల్ల మాస్టరూ?" అంది.

మరదలు నవ్వలేదు. నేలవంక చూస్తూ ఉండిపోయింది. చూస్తుండగానే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"ఏమైందే?"

"ఏం లేదు వదినా. చాలా బాగా లేచావు." చెయ్యి దేనికోసమో వెతికి, చివరికి ఒక గుడ్డ పేలికతో మొహం తుడుచుకుంది. "నాకూ అలాగే అయింది. తొమ్మిదేళ్ళ కిందట. రెండో కాన్పు అయ్యాక నడుములో బలం పోయింది. ఒకరోజు షాపులో ఒంటిగంటకి కూర్చున్నా, లేవలేకపోయా. ఎవరూ లేరు. మీ తమ్ముడు వచ్చేసరికి ఆరున్నర. అంతదాకా అలాగే ఉన్నా. మర్నాడే బల్ల చేయించుకున్నా."

టైలరమ్మ ఒక అడుగు దగ్గరికొచ్చింది. "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నీకా?"

"నేనెవరితోనూ అనేదాన్ని కాదే."

"అనవు వదినా, నాకు తెలుసు. పేరు పెడతావు. పెట్టావుగా."

తొమ్మిదేళ్ళు. వీధిలో, పెళ్ళిళ్ళలో, చుట్టాల ముందు, షాపుకొచ్చిన వాళ్ళ ముందు. ఆ పేరుతో ఎన్నిసార్లు పిలిచి ఉంటుందో లెక్కలేదు. పిలిచిన ప్రతిసారీ ఈ పిల్ల నవ్వింది. ఎప్పుడూ నాలుగైదు వాదనలు సిద్ధంగా ఉంచుకునే టైలరమ్మకి ఒక్కటీ దొరకలేదు.

"తప్పయిపోయిందే" అంది. "చాలా పెద్ద తప్పయిపోయింది."

మరదలు తల అడ్డంగా ఊపి, పరిచి ఉన్న గుడ్డవంక చూసింది. "నేలమీద గుడ్డ ఎంత కుదురుగా ఉంటుందో మర్చిపోయాను" అంది.

"కూర్చో."

"కూర్చుంటే లేవలేను."

"నేను లేపుతాను."

మరదలు నమ్మకం లేనట్టు చూసింది. తరవాత వదిన భుజం పట్టుకుని, మెల్లగా, మధ్యలో రెండుసార్లు ఆగి, నేలమీద కూర్చుంది. టైలరమ్మ కత్తెర అందించింది. తొమ్మిదేళ్ళ తరవాత కూడా ఆ చేతులు ఏమీ మర్చిపోలేదు. గీత వెంట కత్తెర కరకరమంటూ సాగిపోయింది. మొదలుపెట్టిన ఆ షర్టు పూర్తిగా కత్తిరించి మరదలు తలెత్తింది.

టైలరమ్మ ఆమె ఎదురుగా వచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి, మడమలు నేలకానించి దిగింది. చంకల కింద చేతులు వేసి, ఊపిరి బిగబట్టి, కోచ్ నేర్పినట్టు నడుముతో కాకుండా కాళ్ళతో లేచింది. ఒక్క క్షణం ఇద్దరూ మధ్యలో వణికారు. తరవాత ఇద్దరూ నిలబడి ఉన్నారు. నిలబడ్డాక కూడా మరదలు చేతులు వదల్లేదు.

"ఎంత బరువున్నావే!" అంది టైలరమ్మ ఆయాసపడుతూ. ఆ మాటకి మరదలు నవ్వింది. ఈసారి టైలరమ్మ ఆ నవ్వుని పట్టి చూసింది.

కళ్ళు తుడుచుకుని ఇద్దరూ మళ్ళీ కింద కూర్చున్నారు. ఇంకా ఇరవై తొమ్మిది షర్టులు కత్తిరించాల్సి ఉంది.